అత్తయ్యగారు, నేను, గుల్ల సున్నం

మా అత్తయ్యగారికీ నాకూ మొదట్లో మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. గొడవలేం లేవు. గొడవ పడేంత పరిచయం కూడా లేదు. పెళ్ళై నేను కాపురానికి వచ్చేసరికి ఆ ఇంట్లో ఉండేది ఆవిడా, మా ఆయనా ఇద్దరే. మామయ్యగారు పోయి చాలాకాలమైంది. మా ఆయనది రావులపాలెంలో కరెంటు డిపార్టుమెంటు ఉద్యోగం. పొద్దున్నే బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకి గానీ ఇంటికి చేరేవారు కాదు. నేను దగ్గరలోని హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచర్ని. సాయంత్రం బడి నుంచి వచ్చాక ఆయన వచ్చేదాకా ఇంట్లో మేమిద్దరమే.

"కాఫీ తాగేవామ్మా?" అనేవారు ఆవిడ.

"ఆయ్, తాగేనండీ," అనేదాన్ని నేను.

అంతే. తర్వాత ఆవిడ పెరటి మెట్ల మీద కూర్చునేవారు, నేను వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. ఆవిడ గొంతు ఆదివారం గుళ్ళో, అంటే మా చర్చిలో, పాటలందుకుంటే వీధి చివరికి వినపడుతుంది. అలాంటి మనిషి నాతో మాట్లాడేటప్పుడు మాత్రం పక్కవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా మాట్లాడేవారు. టీచరమ్మ కదా, ఏమనుకుంటుందో అన్న మొహమాటం ఆవిడకి. పెద్దావిడ కదా, ఏం తప్పు మాట్లాడతానో అన్న భయం నాకు. ఆ మర్యాద మా ఇద్దరికీ ఊపిరాడకుండా చేసేది.

ఆ మర్యాద తెగింది సున్నం వల్ల.

ఆ ఏడాది పదో తరగతికి రసాయన వియోగం పాఠం చెబుతున్నాను. కొన్ని లోహ సమ్మేళనాల్ని బాగా వేడి చేస్తే రెండుగా విడిపోతాయి. లోహం తాలూకు ఆక్సైడు అడుగున మిగిలిపోతుంది, వాయువు పైకి పోతుంది. ఇది బోర్డు మీద రాస్తే ఒక వరుస. చూపిస్తే గానీ పిల్లలకి పట్టదు. మా ల్యాబు అంటే ఒక చెక్క బీరువా, నాలుగు స్పిరిటు దీపాలు, మూతులు విరిగిన పరీక్షనాళికలు. అయినా ముందు రాగి కార్బొనేటు బాగా కుదిరింది. గోరింటాకు పొడిలా ఆకుపచ్చగా ఉన్నది దీపం మీద పెట్టిన కాసేపటికే కాటుకలా నల్లగా మారిపోయింది. తరగతంతా బెంచీల మీదకి ఎక్కింది. సీసం నైట్రేటు మాత్రం చూపించలేదు. దాన్నుంచి వచ్చే గోధుమరంగు పొగ పిల్లల మధ్య వదిలేలాంటిది కాదు.

ఆ ఊపులో కాల్షియం కార్బొనేటుకి వచ్చాను. పుస్తకంలో రాసి ఉంది: కాల్షియం కార్బొనేటును వేడి చేయండి, వచ్చే వాయువును సున్నపుతేటలోకి పంపండి, తేట పాలలా మారుతుంది. బీరువాలో కాల్షియం కార్బొనేటు సీసా ఖాళీ. అందుకని ఒక సుద్దముక్క పొడి చేసి నాళికలో వేశాను. సుద్ద అంటే అదేగా అనుకున్నాను. వేడి చేస్తే నాళిక మూతి దగ్గర నీటిబొట్లు పట్టాయి.

ముందు బెంచీలో ఒక పొడుగు అమ్మాయి కూర్చునేది. ఏది చెప్పినా ఓసారి అనుమానంగా చూసి గానీ రాసుకోదు. ఆ అమ్మాయి లేచి, "మేడమ్, గాలి వస్తుందన్నారు కదండీ. నీళ్ళు వచ్చేయండీ," అంది.

అప్పుడు వెలిగింది నాకు. ఈ రోజుల్లో బోర్డు సుద్దముక్కలు చాలావరకూ జిప్సంతో చేస్తున్నారు. అది కాల్షియం సల్ఫేటు. వేడికి దానిలో ఇమిడి ఉన్న నీళ్ళు బయటికి వస్తాయి తప్ప కార్బన్ డయాక్సైడ్ రాదు. ఆ మాటే చెప్పి, కిటికీ దగ్గర పడి ఉన్న పాలరాయి పెంకు నూరి మళ్ళీ పెట్టాను. ఈసారి నీళ్ళూ లేవు, గాలీ లేదు. బెల్లు కొట్టేదాకా దీపం వెలుగుతూనే ఉంది. పాలరాయి పాలరాయిలానే ఉంది.

"మేడమ్, కాలుతోందండీ. కానీ ఏమీ అవ్వట్లేదండీ," అంది ఆ అమ్మాయి, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

ఆ సాయంత్రం నా మొహంలో ఏదో కనిపించి ఉంటుంది. అత్తయ్యగారు కాఫీ గ్లాసు చేతికిచ్చి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడ్డారు.

"ఏమ్మా, బడిలో ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదండీ. సుద్ద కాల్చేనండీ, కాలలేదు," అన్నాను.

ఆవిడకి ఆ మాట అర్థమయ్యేలా చెప్పడానికి కాస్త టైము పట్టింది. సున్నపురాయి కాల్చితే సున్నం అవుతుంది, దానిలోని గాలి పోతుంది, అది పిల్లలకి చూపించాలి, మా దీపాలకి అంత సెగ లేదు. అంతా విని ఆవిడ వరండాలో నా పక్కనే కూర్చున్నారు.

"సుద్ద కాల్చడమేంటమ్మా. గుల్ల కాల్చాలి. గుల్ల సున్నం తెలీదా నీకు?"

తెలుసన్నాను. సముద్రంలో కలిసే ఏటి ముఖాల దగ్గర దొరికే గవ్వల్నీ, గుల్లల్నీ కాల్చి సున్నం చేసేవారని విన్నాను, చూడలేదు. ఆవిడ తమలపాకుల పెట్టె దగ్గరికి లాక్కుని, అందులోంచి ఒక ప్లాస్టిక్ ట్యూబు తీసి నా ముందు పెట్టారు.

"ఇదిగో, ఇప్పుడు కొట్లో దొరికే సున్నం. ఇది సున్నమేనా? పళ్ళపొడి కంపెనీ వాళ్ళు చేసినట్టుంటుంది. ఆకు మీద రాస్తే జారిపోతుంది, నాలుక మీద పెడితే మండిపోతుంది. గుల్ల సున్నం అయితే వెన్నలా ఉండేది. మా పుట్టింటి వైపు కాలవగట్టున బట్టీ ఉండేది. ఇప్పుడా బట్టీ లేదు, ఆ సున్నమూ లేదు."

నేను ఆ ఇంటికి వచ్చాక ఆవిడ ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. గొంతు కూడా మామూలు గొంతే. వీధిలోకి వినపడే గొంతు.

"మనం కాలుద్దామాండీ?" అన్నాను.

ఆవిడ నా వంక చూసి, "శనివారం నీకు సెలవేగా," అన్నారు.

మా ఇంటికి రోజూ రొయ్యలూ, చేపలూ తెచ్చే ఆవిడ ఉంది. ఏటి ముఖాల దగ్గర ఊరు వాళ్ళది. గుల్లలు కావాలంటే నవ్వింది. "తినేసి పారేసేవి మీకెందుకండీ?" అంది. సున్నం వస్తే తనకి కూడా కాస్త ఇవ్వాలని మాట తీసుకుని, మూడో రోజున బుట్టెడు గుల్లలు తెచ్చి పెరట్లో గుమ్మరించి వెళ్ళింది.

శనివారం పొద్దున్న మేమిద్దరం పనిలోకి దిగాం. అత్తయ్యగారిది అంతా తెలిసిన మనిషి ధోరణి. ఒక వరస కొబ్బరికాయల మీంచి ఒలిచిన పీచు డొక్క, ఒక వరస గుల్లలు, మళ్ళీ డొక్క, మళ్ళీ గుల్లలు, పైన మట్టలు. నేను కూడా తక్కువ తినలేదు. దాదాపు తొమ్మిది వందల డిగ్రీలు కావాలండీ అని చెబుతూ, గాలి ఎటునుంచి వస్తోందో వేలు తడిపి చూస్తూ తిరిగాను. ఇద్దరికీ ఇద్దరం నమ్మకంగా ఉన్నాం. నిప్పు పెట్టాం.

మంట బాగానే వచ్చింది. మంటతో పాటు వాసన వచ్చింది. గుల్లల్ని సరిగ్గా కడగలేదు మేము. లోపల ఎండిపోయిన మాంసం, నాచు, ఉప్పు, అన్నీ కలిసి కాలితే వచ్చే ఆ కంపు ఎలాంటిదో చెప్పడం కష్టం. కాసేపటికి పక్కింటి బాబాయిగారు లుంగీ ఎగ్గట్టుకుని గోడ మీంచి తొంగి చూశారు. గ్యాసు పైపు పేలి మనుషులు పోయిన నగరం అనే ఊరు మాకు ఎంతో దూరం కాదు. మా వైపు కొత్త వాసన వస్తే అందరికీ ముందు ఆ ఆలోచనే వస్తుంది.

"అమ్మగారూ, గ్యాసు కాదు కదండీ? మా ఆవిడ పొయ్యి ఆర్పేసిందండీ," అన్నారు.

"కాదు బాబూ, మా కోడలు పాఠం చెప్పుకుంటోంది," అన్నారు అత్తయ్యగారు.

ఆయన అర్థమైనట్టే తలూపి వెళ్ళిపోయారు. వాళ్ళింటి కిటికీలు మాత్రం ఒక్కొక్కటే మూసుకున్న చప్పుడు వినిపించింది.

బూడిద చల్లారాక గుల్లల్ని ఏరి సిమెంటు తొట్టెలో వేశాం. కొన్ని బూడిదరంగులో, కొన్ని నల్లగా ఉన్నాయి. సున్నం అయి ఉంటే నీళ్ళు పొయ్యగానే బుసలు కొట్టాలి. అత్తయ్యగారు చెంబుతో నీళ్ళు పోసి ఒక్కసారిగా వెనక్కి గెంతారు. ఏమీ కాలేదు. ఒక బుడగ వచ్చింది, అదీ మా ఇద్దరి మీద జాలిపడి వచ్చినట్టు వచ్చింది.

"కాసేపు ఆగాలేమో," అన్నారు.

ఆగాం. టీ పెట్టుకుని తాగాం. మళ్ళీ వచ్చి చూశాం. తొట్టెలో మసి నీళ్ళలో గుల్లలు చక్కగా గుల్లల్లాగే ఉన్నాయి. నేను ఒకదాన్ని తీసి గోటితో గీకాను. రాయిలా గట్టిగా ఉంది.

"బట్టీ దగ్గర ఎలా పేర్చేవారో మీరు చూసేరా అండీ?" అని మెల్లగా అడిగాను.

"చూసేనమ్మా," అన్నారు. కాసేపాగి, "రేవు దాటేటప్పుడు పడవలోంచి చూసేను," అన్నారు. ఇంకాసేపాగి, "దగ్గరికెళ్తే మా అమ్మ ఊరుకునేది కాదు," అన్నారు.

ముందు నవ్వింది ఆవిడే. ఒకసారి మొదలయ్యాక ఆపుకోలేకపోయారు. చెంబు కింద పెట్టి, మెట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ ఆవిడ పక్కన కూలబడ్డాను. ఆ రాత్రి మా ఆయన గుమ్మంలో అడుగు పెడుతూనే, "ఏం వండేరు మీరిద్దరూ?" అని ముక్కు మూసుకున్నారు. దాంతో మళ్ళీ మొదలైంది. ఆయనకి ఏం జరిగిందో చెప్పే స్థితిలో మేమిద్దరం లేము.

ఆ మర్నాడు ఆదివారం. గుళ్ళో ఆరాధన అయ్యాక కూడా ఆవిడ మనసు ఆ గుల్లల మీదే ఉంది. ఇంటికి వస్తూ దారిలో అడిగారు, "మనం ఎక్కడ తప్పు చేసేమంటావు?"

నేను ఆలోచించి పెట్టుకున్నదే చెప్పాను. కొబ్బరి డొక్క భగ్గున మండి ఆరిపోతుంది. సెగ ఉంటుంది కానీ నిలబడదు. రాగి కార్బొనేటులో రాగి ఆ గాలిని వదులుగా పట్టుకుని ఉంటుంది, కాస్త వేడికే వదిలేస్తుంది. కాల్షియం అలా కాదు, గట్టిగా పట్టుకుంటుంది. ఎర్రగా, ఇంకా పైన నారింజ రంగుగా కాలితే గానీ వదలదు. చాకలి సోడాలో ఉండే సోడియం అయితే ఆ గాలిని మన నిప్పుకి అసలు వదలనే వదలదు.

"అయితే బొగ్గు కావాలి," అన్నారు ఆవిడ. "బొగ్గుకి గాలి కావాలి."

కొబ్బరి చిప్పల బొగ్గు మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన దగ్గర దొరికింది. గాలి కోసం రాజోలు వెళ్ళాం. బజారు వెనక సందులో కొడవళ్ళు సాన పట్టే కొలిమి ఒకటి ఉంది. అక్కడ చేత్తో తిప్పే గాలి పంకా పాతది మూల పడి ఉంది. అరువిమ్మని అడిగితే కొలిమి ఆయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"ఇంట్లో కొడవళ్ళు చేసుకుంటారాండీ?"

"సున్నం చేసుకుంటాం నాయనా," అన్నారు అత్తయ్యగారు.

"సున్నానికి పంకా ఏంటండీ? కొట్లో ట్యూబులు దొరుకుతాయి కదా."

ఆ మాట అతను అనకుండా ఉండాల్సింది. అత్తయ్యగారు ట్యూబు సున్నం మీద మొదలుపెట్టారు. అతను పంకా తుడిచి, నూనె కూడా వేసి ఇచ్చాడు, వెళ్తే చాలన్నట్టుగా. ఆటోలో దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు ఆవిడ. పంకా నూనె మరక ఆ చీరకి ఇప్పటికీ ఉంది.

రెండోసారి మేము జాగ్రత్తగా ఉన్నాం. చేపలావిడ మళ్ళీ తెచ్చిన గుల్లల్ని నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, రెండెండలు ఎండబెట్టాం. ఇటుకలు గుండ్రంగా పేర్చి, సందులు మట్టితో పూడ్చి, కింద ఒక ఇనప గొట్టం పెట్టి దానికి పంకా తగిలించాం. ఈసారి మా ఆయనకి కూడా సెలవు. తిప్పే పని ఆయనకి అప్పగించాం.

"చదువుకున్నది ఎలక్ట్రికల్. చేసేది చేత్తో తిప్పే పంకా," అని సణుగుతూ తిప్పారు. కానీ వదల్లేదు. పక్కింటి బాబాయిగారు ముందే వచ్చి వాసన చూసి, ఏమీ లేదని తేల్చుకుని, కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. మా ఆయన చేతులు పడిపోయినప్పుడు ఆయన కూడా ఓ చెయ్యి వేశారు.

గాలి తగిలే కొద్దీ బొగ్గు ఎరుపు నుంచి నారింజలోకి తిరిగింది. పగటి వెలుగులోనే లోపల గుల్లలు ఒక్కొక్కటీ దీపాల్లా కనిపించాయి. సెగకి దగ్గర నిలబడలేకపోయాం. అత్తయ్యగారు తాటాకు విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుని, దాని పక్క నుంచి చూస్తూ నిలబడ్డారు. పుస్తకంలో బాణం గుర్తు మీద రాసే 'వేడి' అన్న రెండక్షరాలకి అర్థం ఇదేనన్నమాట అనుకున్నాను. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నాను గానీ ఆ బాణం గుర్తుని కళ్ళారా చూడడం అదే మొదటిసారి.

బొగ్గంతా అయిపోయేదాకా తిప్పించి, ఆ పొయ్యిని అలాగే వదిలేశాం. మర్నాడు ఆదివారం. గుడి నుంచి వచ్చి బట్టలు కూడా మార్చకుండా పెరట్లోకి వెళ్ళాం. బూడిద తీసి చూస్తే గుల్లలు తెల్లగా ఉన్నాయి. ఆకారం అదే, గీతలు అవే, కానీ ముగ్గులా తెల్లన. అత్తయ్యగారు ఒకటి ఇనప పట్టుకారుతో తీసి గరిటెలో వేసి ఊపి చూశారు.

"బరువు ఏదమ్మా?"

"పోయిందండీ. గుల్ల బరువులో సగానికి కాస్త తక్కువ గాలే ఉంటుంది. నిన్న అదంతా పైకి పోయింది."

ఆవిడ తలెత్తి పెరట్లో కొబ్బరిచెట్ల పైకి చూశారు, అదింకా అక్కడెక్కడైనా ఉందేమోనని.

ఈసారి నీళ్ళు పొయ్యడానికి ముందు నేను గట్టిగా చెప్పాను. కంట్లో పడితే ప్రమాదం, చేత్తో ముట్టకూడదు. ఆవిడ తన కళ్ళజోడు మీద నా నల్లకళ్ళద్దాలు కూడా పెట్టుకున్నారు. దూరం నుంచి, పొడుగు కాడ గరిటెతో నీళ్ళు పోశాం. కాసేపు ఏమీ కాలేదు. అంతలో ఒక గుల్ల చిటుక్కుమంది. ఇంకొకటి. తర్వాత అన్నీ ఒకేసారి బుస్సుమన్నాయి. ఆవిరి లేచింది. గుల్లలు పేలాల్లా విచ్చుకుని, ఉబ్బి, పొడిపొడిగా రాలిపోయాయి. తొట్టెలో నీళ్ళు కుతకుత ఉడకడం మొదలుపెట్టాయి.

"పొయ్యి లేదు, నిప్పు లేదు. ఈ వేడి ఎక్కడిదమ్మా?" అన్నారు ఆవిడ. కళ్ళద్దాల మీద ఆవిరి పట్టి ఆవిడకేమీ కనిపించడం లేదు, అయినా తీయడం లేదు.

"నీళ్ళతో కలిసేటప్పుడు అదే వేడి పుట్టిస్తుందండీ."

"నిన్న మనం పెట్టిన సెగ దాచుకుని ఇవాళ ఇస్తోందా?"

ఆలోచించాను. పుస్తకం భాషలో చెప్పాలంటే చాలా చెప్పాలి గానీ, ఆవిడ అన్నది మరీ తప్పేం కాదు. "కొంత అలాంటిదేనండీ," అన్నాను.

ఆ సున్నాన్ని పలచటి గుడ్డలో వడకట్టి, జాడీలో పోసి, పైన నీళ్ళు నిలిపి కొన్నాళ్ళు ఉంచాం. రోజూ పొద్దున్న మూత తీసి చూసేవారు ఆవిడ. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆకు తుడిచి, ఈనె తీసి, వేలి కొసతో ఇంత రాసి, వక్క వేసి మడిచి నోట్లో పెట్టుకున్నారు. నేనూ, మా ఆయనా, పక్కింటి బాబాయిగారూ ఎదురుగా నిలబడ్డాం. ఆవిడ తొందర పడలేదు. నమిలారు. కళ్ళు మూసుకున్నారు.

"కొంచెం పొగ వాసన ఉంది," అన్నారు చివరికి. "కానీ ఇది సున్నం."

ఆ సాయంత్రానికి ఆవిడ స్నేహితురాళ్ళందరికీ చిన్న చిన్న డబ్బాల్లో సున్నం వెళ్ళింది. చేపలావిడ వాటా ఆవిడకి వెళ్ళింది. ఈ వార్త ఎటు తిరిగి ఎలా చేరిందో గానీ, మరుసటి వారం ఒక రొయ్యల చెరువు రైతు మోటారు సైకిలు మీద వచ్చి గేటు దగ్గర ఆగాడు.

"అమ్మగారూ, మీ దగ్గర సున్నం తయారవుతుందంటండీ. మా చెరువు నీళ్ళలో చల్లడానికి బస్తాలు కావాలండీ."

అత్తయ్యగారు లోపలికెళ్ళి జాడీ తెచ్చి చూపించారు. "ఇంతే ఉంది నాయనా. నీ రొయ్యలు కూడా తమలపాకులు వేసుకుంటాయా?" అన్నారు. అతను నవ్వుకుంటూ కిళ్ళీ కట్టించుకుని వెళ్ళాడు.

నాకు మాత్రం నా తరగతి బాకీ ఉండిపోయింది. హెడ్మాస్టరు గారిని కలిసి, ఆటస్థలం చివర ఇటుకల పొయ్యి పెట్టుకుంటానని అడిగాను. ఆయన మెతక మనిషి. నిప్పంటే భయం, కాదనడమన్నా భయం. రెండు బకెట్ల ఇసక, రెండు బకెట్ల నీళ్ళు దగ్గర పెట్టుకోమని, పిల్లలు సున్నపు గీత దాటకూడదని, తను కూడా అక్కడే ఉంటానని చెప్పి ఒప్పుకున్నారు. ఆ సంగతి ఇంట్లో చెబితే అత్తయ్యగారు, "నేను రావచ్చా?" అన్నారు. గొంతు మళ్ళీ ఆ మొదటి రోజుల్లోలా మెల్లగా ఉంది. "హైస్కూలు లోపలికి నేనెప్పుడూ వెళ్ళలేదమ్మా. మావాడి మార్కులు చూడ్డానికి కూడా మీ మామయ్యగారే వెళ్ళేవారు."

ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చారు. పిల్లలు లేచి నిలబడి, "గుడ్ మాణింగ్ మేడమ్," అన్నారు ముక్తకంఠంతో. ఆవిడ ఎవరికి చెప్పారోనని వెనక్కి తిరిగి చూశారు.

బయట బొగ్గు ఎర్రబడుతుండగా, తరగతి గదిలో మేము సున్నపుతేటతో పని మొదలుపెట్టాం. మా ఇంటి సున్నాన్నే నీళ్ళలో కలిపి, రాత్రంతా నిలవబెట్టి, పైన తేట వంచి తెచ్చాను. అద్దంలా ఉంది. కార్బన్ డయాక్సైడ్ తగిలితే ఇది పాలలా మారుతుందనీ, మన ఊపిరిలో కూడా ఆ వాయువు ఉంటుందనీ చెప్పి, గొట్టంతో మెల్లగా ఊదాలి, ఒక్క చుక్క కూడా పీల్చకూడదు అని మరీ మరీ హెచ్చరించి, ముందు ఎవరు ఊదుతారని అడిగాను. పిల్లలంతా అత్తయ్యగారి వైపు చూశారు.

ఆవిడ గొంతు సవరించుకుని ఊదారు. పాటలు పాడే ఊపిరి కదా, బుడగలు గలగలమన్నాయి. చూస్తుండగానే తేట తెల్లబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం గ్లాసుని వెలుతురుకి పట్టి, తల అడ్డంగా ఊపారు.

"దీన్ని నమ్మకండి," అన్నారు పిల్లలతో. "పొద్దున్న ఆకేసుకునే వచ్చేను. నా నోట్లోనే సున్నం ఉంది. అది కలిసి తెల్లబడిందేమో."

నాకా ఆలోచనే రాలేదు. ముందు బెంచీ పొడుగు అమ్మాయి మొహం వెలిగిపోయింది. "అయితే నోరు కడుక్కుని ఊదండీ," అంది. ఆవిడ పంపు దగ్గరికెళ్ళి పుక్కిలించి వచ్చి కొత్త గ్లాసులో ఊదారు. అదీ తెల్లబడింది. "ఇప్పుడు నువ్వు ఊదు," అన్నారు ఆ అమ్మాయిని. "ఆకెప్పుడన్నా వేసుకున్నావా?" "లేదండీ." ఆ అమ్మాయి గ్లాసూ తెల్లబడింది. ఇంకా ఇద్దరు ముగ్గురు. అన్నీ పాలే. అప్పుడు ఆవిడ కళ్ళు గుమ్మంలో ఉన్న హెడ్మాస్టరు గారి మీద పడ్డాయి.

"తమరు కూడా ఊదండి బాబూ, సంగతి తేలిపోతుంది," అన్నారు.

కాదనడం ఆయనకి రాదని చెప్పానుగా. తరగతంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, గొట్టం పట్టుకుని, బుగ్గలు పొంగించి ఊదారు. తెల్లబడింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అత్తయ్యగారే.

"అయితే ఇది ఊపిరిదే," అని తీర్పు చెప్పారు. "నా నోట్లో సున్నానిది కాదు."

తర్వాత బయట గుల్లలు కాలడం, తెల్లబడడం, చల్లారాక నీళ్ళు పోస్తే బుసకొట్టడం అన్నీ జరిగాయి. పిల్లలు సున్నపు గీత మీద కాలివేళ్ళు ఆనించి నిలబడి చూశారు. ఆ పొడుగు అమ్మాయి కాల్చక ముందు గుల్లల్ని, కాల్చిన తర్వాత గుల్లల్ని కొట్టు నుంచి తెచ్చిన త్రాసులో పెట్టి చూసి, తేడా ఎందుకొచ్చిందో తరగతికి తనే చెప్పింది. బోర్డు మీద సమీకరణం రాసి, బాణం గుర్తు పైన 'వేడి' అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది. అనుమానంగా చూడకుండా ఆ అమ్మాయి రాసిన మొదటి వరుస అదేననుకుంటాను.

ఇంటికి ఆటోలో వస్తున్నప్పుడు అత్తయ్యగారు, "రేపు ఏం పాఠం?" అని అడిగారు. ఆ అడగడం ఇంక మానలేదు. రోజూ సాయంత్రం కాఫీ గ్లాసుతో పాటు వచ్చేది ఆ ప్రశ్న. కటకాలు, కరెంటు, ఆమ్లాలు, అన్నీ విన్నారు. కొన్ని పాఠాలు బాగాలేవని మొహం మీదే చెప్పేవారు. ఏటా ఆ వియోగం పాఠం వచ్చినప్పుడు మాత్రం బడికి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఈమధ్య మోకాళ్ళ నొప్పులతో ఆటో ఎక్కడం కష్టమైంది. అయినా మానలేదు. కొత్త తరగతి పిల్లలకి నోరు పుక్కిలించమని చెప్పే పని తనదే అంటారు.

ఆ మొదటి ఏడాది డిసెంబరులో క్రిస్మస్‌కి ఇంట్లో కేకు చేశాం. పాత అల్యూమినియం గిన్నెలో ఇసక పోసి, దానిమీద కేకు గిన్నె పెట్టి, పైన మూత బోర్లించి చేయడం ఆవిడ పద్ధతి. పిండిలో వంటసోడా వెయ్యబోతూ చెంచా ఆపేశారు.

"ఇది కూడా వేడికి విడిపోయే రకమేనా?"

"ఆయ్. ఇది తొందరగా విడిపోతుందండీ. పొయ్యి సెగ చాలు. అదే గాలి పైకి వస్తూ పిండిని పొంగిస్తుంది."

ఆవిడ చెంచా వంక చాలాసేపు చూశారు. "ఇన్నాళ్ళూ నా చేతి మహత్యం అనుకున్నాను," అన్నారు. ఆ బాధ మొహంలో ఎక్కువసేపు నిలవలేదు. గాలి పొంగించడం కళ్ళారా చూడాలని మాటిమాటికీ మూత ఎత్తి లోపలికి తొంగి చూశారు. వద్దండీ అంటే, "ఒక్కసారమ్మా," అనేవారు. కేకు చక్కగా లేచింది, తర్వాత మధ్యలో చిన్న గుంటలా కుంగిపోయింది.

మా ఆయన దాన్ని చూసి, "ఈ ఏడు ఇలా అయిందేంటమ్మా?" అన్నారు.

"గాలి పోయిందిరా," అన్నారు అత్తయ్యగారు, చాకు తీసుకుని ముక్కలు కోస్తూ. "మేమిద్దరం చూసేం, వెళ్ళిపోతుంటే." అంచు ముక్క బాగా వచ్చింది. అది నా పళ్ళెంలో వేశారు.